దుబాయి క్యాసెట్లు, పీపీ నంబర్లు, ఊరి అపార్థాలు

1985 నుంచి 2000 దాకా గల్ఫ్‌కు మనిషిని పంపిన ఏ ఇంట్లోనైనా అల్మారా పై అరలో రబ్బరు బ్యాండు వేసిన క్యాసెట్ల కట్ట ఒకటి ఉండేది. పాటలవి కావు, మాటలవి. రాయడం రానివాళ్లు, ఉత్తరం రాయించుకోవాలంటే ఇంటి గుట్టు ఇంకొకరి ముందు విప్పాల్సి వచ్చేవాళ్లు టేప్‌రికార్డర్ ముందు కూర్చుని మాట్లాడి, ఊరికి వెళ్లేవాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లు. కరీంనగర్, జగిత్యాల, ఆర్మూరు పల్లెల్లో మనిషి సౌదీలో ఉన్నా, మస్కట్‌లో ఉన్నా ఆ క్యాసెట్‌ను 'దుబాయి క్యాసెట్' అనేవాళ్లు. రాయచోటి, రాజంపేట దిక్కున, కోనసీమలో అయితే కువైట్ క్యాసెట్.

దాంతో ఎన్ని తంటాలొచ్చాయో ఆ కాలంవాళ్లకే తెలుసు. క్యాసెట్ మొదట్లో నాలుగైదు సెకన్ల పాటు మాట ఎక్కని ప్లాస్టిక్ రిబ్బను ఉంటుంది. రికార్డు బటన్ నొక్కగానే మొదలుపెడితే ఆ ముక్క మింగేసేది మొదటి పలకరింపునే. అబ్బాయి అక్కడ "అమ్మా, బాగున్నావా, కాళ్ల నొప్పులు తగ్గినయా" అనే మొదలుపెట్టాడు. ఇక్కడ వినబడింది మాత్రం ఆ తర్వాతి మాట, భార్య పేరు. నలుగురిలో అత్తగారి ముఖం మాడిపోయేది. నెల తిరిగేసరికి "పెళ్లాం పేరే ముందొచ్చింది" అన్న నింద ఊరు దాటి అబ్బాయి చెవిన పడేది. తెలిసినవాళ్లు పెన్సిల్‌ను చక్రంలో దూర్చి, గోధుమరంగు టేపు కనబడేదాకా నాలుగు చుట్లు తిప్పి, అప్పుడు నోరు విప్పేవాళ్లు.

బ్యాటరీల సంగతి ఇంకోటి. రేడియో, టేప్‌రికార్డర్ ఒక్కటిగా ఉండే, సెల్స్ నీరసించిన టూ-ఇన్-వన్‌లో వింటే టేపు మెల్లగా తిరిగి గొంతు బొంగురుగా, సాగదీసినట్టు వినబడుతుంది. "వాడు తాగి మాట్లాడిండు" అని తేల్చేసిన తండ్రులున్నారు. అదే, అక్కడ నీరసించిన సెల్స్‌తో రికార్డు చేసి ఇక్కడ కొత్త సెల్స్ మీద వింటే మాట సన్నగా, గబగబా వస్తుంది. ఏదో దాస్తున్నాడని, కంగారుగా ఉన్నాడని అనుమానం. ఒక గదిలో ఎనిమిది మందో పది మందో ఉండే పనివాళ్ల క్యాంపులో మాట్లాడేవాడు గొంతు తగ్గించే మాట్లాడాలి కదా. దాన్ని ఇక్కడ జబ్బు కింద లెక్కేసేవాళ్లు. వెనక నుంచి ఎవరి నవ్వో టేపులో పడితే, "ఏం తక్కువైంది, ఎంచక్కా ఉన్నడు" అనేవాళ్లు.

సి-60 అంటే ఒక్కో వైపు 30 నిమిషాలు, సి-90 అంటే 45. ఎక్కువ సేపు వస్తుందని ఆశపడి సి-120 కొన్నవాళ్లకు టేపు మరీ పలుచనై మిషన్‌లో చుట్టుకుపోయేది. అనుభవజ్ఞుల పద్ధతి ఇలా ఉండేది: ఏ వైపు ఇంటిల్లిపాదికీ, బి వైపు భార్యకు. ఏ వైపు చివర "బి తరువాత వినండి" అని చెప్పేవాళ్లు. అయినా టూ-ఇన్-వన్ ఉన్నది పక్కింట్లో అయితే ఏ, బి తేడా ఏముంది? అందరూ విన్నట్టే. క్యాసెట్ వీపున ఉండే చిన్న ప్లాస్టిక్ పలక విరిస్తే దాని మీద మళ్లీ రికార్డు కాదు. విరవడం మరిచినవాటి మీద పిల్లలు సినిమా పాటలు ఎక్కించేశారు. విరిచినదాన్నే తిరిగి వాడి జవాబు పంపాలంటే ఆ గుంట మీద అతుకు టేపు ముక్క వేస్తే చాలు.

ఉత్తరాలది నిదానమైన నష్టం. గల్ఫ్‌లో టపా ఇంటి గుమ్మానికి రాదు, కంపెనీ పోస్ట్ బాక్సుకు వస్తుంది. అక్కణ్నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి క్యాంపుకు. ఎవరో ఒకరు వారానికోసారి మూట తెస్తే తెచ్చినట్టు. పోను పదిహేను రోజులు, రాను పదిహేను రోజులు పెట్టుకుంటే ప్రశ్నకు జవాబు నెలకు దక్కేది. ఈలోగా రెండు వైపుల నుంచీ ఇంకో రెండు ఉత్తరాలు బయల్దేరేవి. బోరు వేయించమని అడిగిన ఉత్తరానికి "సరే" అని వచ్చిన జవాబు, మధ్యలో రాసిన "చెల్లె పెళ్లి కుదిరింది, కట్నం లక్ష అడుగుతున్నరు" అన్నదానికి జవాబనుకుని మాట ఇచ్చేసిన ఇళ్లున్నాయి. అందుకే కొందరు ఉత్తరం నెత్తిన "ఇది 9వ ఉత్తరం, మీ 6వ దానికి జవాబు" అని రాసేవాళ్లు. ఇంత చిన్న పని ఎన్ని తగాదాలను ఆపిందో!

ఇక ఫోటో. శుక్రవారం సెలవు, ఇస్త్రీ చొక్కా, రోడ్డు పక్కన ఎవరిదో పెద్ద కారు, దాని బానెట్ మీద చెయ్యి. ఊళ్లో అది అతని కారే. ఈ ఒక్క అపార్థానికి మాత్రం పోయినవాళ్లదే పూర్తి బాధ్యత అని నేననుకుంటాను. కారు ఎవరిదో ఫోటో వెనక ఒక్క ముక్క రాసినవాళ్లు అరుదు.

తరువాత పీపీ నంబర్ల కాలం. పెళ్లి కార్డు మీద కూడా నంబరు పక్కన 'పీపీ' అని అచ్చేసేవాళ్లు. అంటే ఫోను మనది కాదు, పిలిస్తే వచ్చి మాట్లాడతాం అని. పద్ధతి అందరికీ తెలిసిందే: ఒకసారి చేసి "ఫలానావాళ్లను పిలవండి" అని చెప్పి పెట్టేయాలి, పావుగంటాగి మళ్లీ చేయాలి. ఆ పావుగంటలో అక్కడ బూత్ ముందు వెనకవాళ్ల వరుస పెరిగేది, ఇక్కడ ఆమె చేతి పని వదిలి పరుగెత్తుకొచ్చి రొప్పుతూ నిలబడేది. ఫోనున్న ఇంటివాళ్లు టీవీ గొంతు తగ్గించి మరీ కూర్చునేవాళ్లు. ఆమె "ఊ", "ఆ", "మంచిగనే ఉన్నం" తప్ప ఏమీ అనలేదు. అతనికేమో ఆమెకు తన మీద కోపమొచ్చినట్టు తోచేది. ఉపగ్రహం మీదుగా వచ్చే కాల్‌లో మాట పావుసెకను పైచిలుకు ఆలస్యంగా చేరుతుంది, దానికి జవాబు వినబడేసరికి అరసెకను దాటుతుంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఇద్దరూ ఒకేసారి ఆగిపోవడం. "నన్ను మాట్లాడనిస్తలేడు" అని ఆమె, "అడిగినదానికి జవాబు చెప్పదు" అని అతను. ఒకరు ఆపేటప్పుడు "చెప్పు" అని ముగించి ఓ క్షణం ఆగడం అలవాటు చేసుకున్న జంటలకు ఆ బాధ తప్పింది. వేళల లెక్క కూడా ఉండేది: దుబాయి, మస్కట్ మనకంటే గంటన్నర వెనక, సౌదీ, కువైట్, ఖతార్, బహ్రెయిన్ రెండున్నర గంటలు వెనక. ఇక్కడ రాత్రి 9 అంటే రియాద్‌లో సాయంత్రం ఆరున్నర, ఓవర్‌టైం చేసేవాడు ఇంకా సైట్ మీదే ఉన్నట్టు.

అయితే అన్నిటికంటే ఎక్కువ చిచ్చు పెట్టింది డబ్బు లెక్క. ఊరికి కనబడేది జీతం, కనబడనిది వడ్డీ. ఒక లెక్క వేసి చూద్దాం. 1993 ప్రాంతంలో డాలరుకు 31 రూపాయల చిల్లర, సౌదీ రియాల్ డాలరుకు 3.75 దగ్గర స్థిరం. అంటే రియాల్‌కు 8 రూపాయల పైన. జీతం 600 రియాళ్లు, తిండికి 150 పోతే 450. మన డబ్బుల్లో 3,700. వీసాకు తెచ్చిన అప్పు 50,000 అనుకుందాం, నూటికి మూడు రూపాయల వడ్డీ. నెలకు వడ్డీయే 1,500. వచ్చిన 3,700 మొత్తం అప్పుకే కడితే, ఇంటికి ఒక్క పైసా ఇవ్వకపోతే, ఏడాదిన్నరకు తీరుతుంది. సగం ఇంటికిచ్చి సగం, అంటే 1,850, అప్పుకు కడితే? నాలుగున్నరేళ్లు దాటుతుంది. ఎందుకంటే అందులో 1,500 వడ్డీ కిందే పోతుంది, అసలుకు తగ్గేది మొదటి నెల 350. ఈ లెక్క తెలిసినవాడు వడ్డీ ఇచ్చిన ఆసామి ఒక్కడే. మిగతా ఊరంతా రెండేళ్లు కాగానే "ఏం కూడబెట్టిండు? ఎవరికి పెడుతున్నడు?" అని ఆరాలు. ఎంతోమంది తమ్ముళ్లు అన్నల మీద, మామలు అల్లుళ్ల మీద ఇదే అనుమానంతో మాటలు మానేశారు.

రూపాయి పడిపోయినప్పుడు ఇంకో గందరగోళం. 1990లో డాలరు పదిహేడు రూపాయల పైన ఉండేది. ఆ 600 రియాళ్లు మన డబ్బుల్లో 2,800. 1991 జులైలో రూపాయి విలువ తగ్గించారు, తరువాత ఇంకా జారి 1993కల్లా అవే 600 రియాళ్లు 5,000 దగ్గరికొచ్చాయి. అక్కడ జీతం ఒక్క రియాల్ పెరగలేదు. ఇక్కడ మాత్రం "జీతం రెండింతలైంది, మనకు చెప్పకుండా దాచిండు" అన్నారు. ధరలు కూడా ఆ కాలంలోనే పెరిగాయన్నది ఎవరికీ గుర్తు రాలేదు.

డబ్బు చేరే దారిని బట్టి కూడా పేరు మారేది. డ్రాఫ్ట్ రిజిస్టర్ పోస్టులో వస్తే బ్యాంకులో వేయాలి. అది వేరే ఊరి శాఖ మీదిదైతే కలెక్షన్‌కు పోయి రావడానికి వారాలు. అత్యవసరానికి అడిగిన డబ్బు పని అయిపోయాక వస్తే "పంపలేదు" అనే మాటే నిలిచిపోయేది. హుండీలో, అంటే బ్యాంకుతో పని లేకుండా మనుషుల చేతుల మీదుగా పంపితే, మర్నాటికే. ధర కూడా బ్యాంకు కంటే రూపాయో అర్ధరూపాయో మెరుగు. కానీ అది చట్టం ఒప్పని దారి, పట్టుబడితే అసలుకే మోసం. పైగా సంచీ పట్టుకుని స్కూటర్ మీద వచ్చే మనిషిని వీధంతా చూసేది. ఆ సాయంత్రానికే చేబదులు అడిగేవాళ్లు గుమ్మంలో ఉండేవాళ్లు. పంపింది పదివేలైతే ఊరి లెక్కలో అది యాభై వేలు.

అవతలి ఒడ్డున కూడా తక్కువ తిప్పలు పడలేదు మనవాళ్లు. డ్రైవర్లుగా, ఇళ్లల్లో పనికి, తోటల్లో పనికి పోయినవాళ్లకు అరబ్బుల మర్యాదలు ఎవరూ ముందుగా చెప్పలేదు. అక్కడ అతిథికిచ్చే గహ్వా, అంటే అరబ్బుల కాఫీ, చిన్న పిడిలేని కప్పులో అడుగున కాస్తే పోస్తారు. మనకేమో పిసినారితనంగా తోస్తుంది. నిజానికి నిండా పోస్తేనే అవమానం, తాగేసి బయల్దేరమని దాని అర్థం. కప్పు కుడిచేత్తోనే అందుకోవాలి. చాలు అనుకుంటే కప్పును అటూ ఇటూ రెండుసార్లు ఊపి ఇవ్వాలి. ఊపకుండా తిరిగిస్తే మళ్లీ పోస్తారు. మొహమాటానికి ఏడెనిమిది కప్పులు తాగి రాత్రంతా నిద్రపట్టక దొర్లినవాళ్ల కథలు ప్రతి క్యాంపులోనూ ఉండేవి.

తల ఊపడం దగ్గర ఫోర్‌మన్‌తో గొడవ. మనం "సరే" అనడానికి తలను పక్కలకు వాలుస్తాం. అరబ్బు కంటికి అది కాదనడమో, వెటకారమో. వాళ్లు కాదనాలంటే గడ్డం పైకెత్తి నాలుకతో చిన్న చప్పుడు చేస్తారు. మనవాళ్లకు అది కసురుకోవడంలా అనిపించేది. అయిదు వేళ్ల కొసలు కలిపి చేతిని కిందికీ పైకీ ఆడిస్తే "కాస్త ఆగు" అని. మనవాళ్లకు అది బెదిరింపు. పాతవాళ్లు కొత్తగా దిగినవాడికి మొదటి రాత్రే ఈ మూడూ చూపించేవాళ్లు. తల ఊపడం మానేసి నోటితో అవుననడం నేర్పేవాళ్లు.

అందరూ ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని అన్నం, మాంసం తినడం చాలామందికి కొరుకుడు పడలేదు. ఎంగిలి అన్న పట్టింపుతో పెరిగినవాడు వెనక్కి జరిగితే ఇంటాయన దాన్ని తిరస్కారంగా తీసుకునేవాడు. అక్కడి కట్టుబాటు తెలిస్తే అంత ఇబ్బంది లేదు: కుడిచేత్తో, తన ముందున్న భాగం నుంచే తీసుకోవాలి, అవతలివాడి వైపు చెయ్యి చాపకూడదు. మంచి మాంసం ముక్కను ఇంటాయనే తుంచి మన వైపు నెడతాడు, దాన్ని కాదనకూడదు. అరికాలు ఎదుటివాడికి కనబడేలా కూర్చోకూడదు. కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) భార్య క్షేమం పేరు పెట్టి అడగకూడదు, "ఇంట్లో అందరూ బాగున్నారా" దగ్గర ఆగాలి. మనవాళ్లు చనువుకొద్దీ అడిగిన ఆ ఒక్క ప్రశ్నకే ఉద్యోగాలు ఊగిసలాడాయి. పిల్లవాడు ముద్దుగా ఉన్నాడని అంటే వెంటనే 'మాషా అల్లా' కూడా అనాలి. దిష్టి తీసే ఇళ్ల నుంచి పోయినవాళ్లకు ఇది మాత్రం ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేకపోయింది. రంజాన్ నెలలో పగటిపూట బయట మంచినీళ్లయినా తాగకూడదన్నది మతంతో పని లేకుండా అందరికీ వర్తించేది.

ఇక ప్రయాణం ముందు రోజు వచ్చే పొట్లాలు. ఎవరో ఒకరు గల్ఫ్‌కు తిరిగి వెళ్తున్నారంటే చుట్టుపక్కల నాలుగూళ్ల నుంచి పచ్చళ్లు, పొడులు, మందులు చేరేవి. "మా వాడికి ఇది ఇయ్యి కాక" అంటే కాదనడమెలా? కాదంటే "దుబాయి పోయి తలకెక్కింది" అనే మాట. ఆ మాట పడ్డా సరే, కాదనాల్సినవి ఉన్నాయి. మొదటిది గసగసాలు. మన మసాలా డబ్బాలో మామూలు సరుకు అది, దుబాయి, సౌదీ చట్టాల్లో మత్తుపదార్థాల కింద లెక్క. వాటి వల్ల జైలుకు పోయినవాళ్లున్నారు. కోడికూర మసాలా పొడి ఇంట్లో కొట్టిందైతే అందులో గసగసాలు పడ్డాయో లేదో అడిగి తీరాలి. రెండోది, కొడీన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు. డాక్టరు చీటీ లేకుండా తీసుకెళ్లకూడదు. కిళ్లీ, గుట్కా కూడా వద్దు. అనుభవమున్నవాళ్లు ఇచ్చినవాళ్ల ముందే పొట్లం విప్పి, చూసి, తిరిగి కుట్టేవాళ్లు. పచ్చడి సీసా మూతకు ప్లాస్టిక్ కాగితం రెండు మడతలు వేసి, నూనె కారకుండా దారం బిగించి, నైలాన్ సంచిలో పెట్టేవాళ్లు. "నమ్మకం లేదా?" అన్న ప్రశ్నకు "కస్టమ్స్‌వాళ్లకు లేదు పెద్దమ్మా" అనేది మంచి జవాబు, ఇప్పటికీ పనికొస్తుంది.

చుట్టీ (సెలవు) మీద వచ్చేటప్పటి పెట్టె గురించి ఎంత రాసినా తరగదు. అట్టపెట్టెకు నీలం నైలాన్ తాడు అడ్డం నిలువు నాలుగు వరసలు, నాలుగు వైపులా మార్కర్‌తో పేరు, ఊరు, జిల్లా. బరువు 30 కిలోలు అనుకుందాం. పులి బొమ్మదో పూల బొమ్మదో రెండు పొరల రగ్గు 5 కిలోలు, టూ-ఇన్-వన్ 4, పెద్ద పాలపొడి డబ్బా రెండున్నర, టాంగ్ డబ్బా రెండున్నర, డజను సబ్బులు కిలోన్నర. ఇప్పటికే సగం దాటింది. చీరలు, ప్యాంటు బట్టలు, పిల్లల బొమ్మలు, టార్చి లైటు, సెంటు సీసాలు వేస్తే మిగిలేది రెండు మూడు కిలోలు. ఊళ్లో వావివరుసలవాళ్లు అరవై మంది. టైగర్ బామ్ అంత పేరు తెచ్చుకోవడానికి కారణం ఇదే: డబ్బా చిన్నది, బరువు లేదు, ఎవరికిచ్చినా కాదనరు. డజన్ల లెక్కన తెచ్చేవాళ్లు.

పెట్టెను వచ్చిన రోజు నలుగురి ముందు విప్పడం పెద్ద పొరపాటు. ఎవరికి ఏది ముట్టిందో అందరూ చూస్తారు, పెద్దబావకు సెంటు సీసా, చిన్నబావకు చేతి గడియారం అయితే ఆ తేడా పదేళ్లు గుర్తుంటుంది. నేర్పరులు బొంబాయి లాడ్జిలోనో, బేగంపేట విమానాశ్రయం నుంచి వచ్చే దారిలో చుట్టాలింట్లోనో పెట్టె విప్పి, ఒక్కో ఇంటికి ఒక్కో కవరు చేసి, పేరు రాసి, అప్పుడు ఊరికి వచ్చేవాళ్లు. ఒకే వరుసవాళ్లకు ఒకే వస్తువు, రంగు కూడా మార్చకుండా. పెట్టెలో రెండు మూడు వస్తువులు ఎవరి పేరూ లేకుండా మిగుల్చుకోవాలి, తలవని తలంపుగా గుర్తొచ్చే మేనత్త ఒకామె తప్పకుండా ఉంటుంది కాబట్టి. బంగారం సంగతీ అంతే. ఏడాది పైన ఉండి వచ్చిన మగవాడికి సుంకం లేకుండా 10,000 రూపాయల నగ, ఆడమనిషికి 20,000 అనే పరిమితి 2013 దాకా నడిచింది. అప్పటికి పదివేలకు మూడు నాలుగు గ్రాములే. ఆ సంవత్సరం దాన్ని 50,000, లక్షకు పెంచారు. "దుబాయి నుంచొచ్చి తులం తేలేదా" అన్నవాళ్లకు ఈ నిబంధన చెబితే సాకు అనుకునేవాళ్లు.

సెలవు తారీఖులు మన పంచాంగం చూసి రావు. రెండేళ్లకు రెండు నెలలు, అదీ కంపెనీ వరస ప్రకారం. కొత్తగా పెళ్లయినవాడికి ఆ రెండు నెలల్లో ఒకటి ఆషాఢమైతే? అత్తాకోడళ్లు ఒక గడప దాటకూడదని కోడల్ని పుట్టింటికి తీసుకుపోతారు. అరవై రోజుల సెలవులో ముప్పై గోవిందా. అతను రోజూ సైకిలెక్కి అత్తగారి ఊరికి పోతే "సిగ్గు లేదు" అని, పోకపోతే "ప్రేమ లేదు" అని. చెల్లెలి పెళ్లికి మూఢం అడ్డొస్తే ఇంకో ఇరవై రోజులు ఆగమని పెద్దలు పట్టుబట్టేవాళ్లు. ఎగ్జిట్ రీఎంట్రీ (సెలవు మీద పోయి తిరిగి రావడానికిచ్చే అనుమతి) కాగితం మీద ఉన్న తారీఖు దాటితే సౌదీ వీసా పోతుందని, మళ్లీ పోవడానికి ఏళ్లు పడుతుందని చెప్పినా, "నీ సేటుకు ఫోన్ చేసి చెప్పరాదు" అనేవాళ్లు. చెప్పినా కుదిరే పని కాదని వాళ్లకు నమ్మకం కుదిరేది కాదు. దీనికి విరుగుడు ఒక్కటే ఉండేది: రాగానే తిరుగు టికెట్టు తారీఖు ఇంట్లో గోడ క్యాలెండర్ మీద ఎర్రసిరాతో చుట్టి పెట్టడం.

"ఎప్పుడొచ్చినవ్? మళ్ల ఎప్పుడు పోతవ్?" ఈ రెండు ప్రశ్నలూ ఒకే ఊపిరిలో అడిగేవాళ్లు. రెండోది విన్నవాడికి ముల్లులా గుచ్చుకునేది, తనను తొందరగా పంపించేయాలని చూస్తున్నారని. అడిగినవాడి మనసులో అంత లేదు. పోయే తారీఖు తెలిస్తే పొట్లం సిద్ధం చేసుకోవాలన్న ఆలోచన, లేదా పోయేలోపు ఒక పూట భోజనానికి పిలవాలన్న ఆరాటం. తన కొడుకును కూడా తీసుకుపొమ్మని అడగడానికి వెనక నుంచి కాచుకున్నవాళ్లు కూడా లేకపోలేదు. నాన్న అంటే గోడ మీది ఫోటో అని తెలిసిన పిల్లలు మనిషిని చూసి ఏడిస్తే, అది మనసుకు పట్టించుకోవద్దని, మొదటి రెండు రోజులు ఎత్తుకోవద్దని, తల్లి ఒళ్లో ఉండగానే బొమ్మ చేతికివ్వమని ముందు తరం దుబాయివాళ్లు చెప్పేవాళ్లు.

ఆడవాళ్ల విషయంలో ఊరు చేసిన అన్యాయం వేరే. కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్లల్లో పనికి పోయిన ఆడవాళ్లు వేలల్లో ఉన్నారు. ఇంటి యజమానురాలు ఫోను చేయనివ్వకపోతే, వారానికో రోజు కూడా బయటికి పంపకపోతే, మూడు నెలలు కబురుండదు. ఆ మూడు నెలల్లో ఊళ్లో మూడు కథలు పుట్టేవి. చిన్న వయసువాళ్లను ఇంటిపనికి పంపకూడదని, ఎమిగ్రేషన్ అనుమతికి 30 ఏళ్లు నిండాలని మన ప్రభుత్వం పెట్టిన నిబంధన వాళ్ల మంచికే. కానీ ఏజెంట్లు పాస్‌పోర్టులో వయసు పెంచి రాయించారు. తరువాత ఊళ్లో కాగితాల్లో ఒక వయసు, అక్కడ ఒక వయసు. ఏ ఇబ్బంది వచ్చినా మాట పడింది ఆమే. ఇల్లు కట్టినా, కూతుర్ని చదివించినా ఆ డబ్బు గురించి గుసగుస ఆగలేదు. అదే డబ్బు మగవాడు పంపితే ఎవరూ ఆరా తీయలేదు, ఇది మాత్రం నాకు మింగుడు పడదు.

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించాక వచ్చినవాళ్లను తలుచుకోవాలి. ఎడారి దాటి జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరి, అక్కణ్నుంచి ప్రభుత్వం నడిపిన విమానాల్లో బొంబాయికి. మొత్తం లక్షా డెబ్బై వేల మంది అంటారు. చాలామంది ఒంటి మీది బట్టలతో దిగారు. జేబులో ఉన్న కువైట్ దినార్లు అప్పటికి మార్పిడికి పనికిరాని కాగితాలు. ఊళ్లో మాత్రం "బంగారం కడ్డీలు బెల్టులో కట్టుకొచ్చుంటాడు" అన్నారు. తరువాత ఐక్యరాజ్యసమితి పరిహారం వచ్చింది. దేశం విడిచినందుకు మాత్రమే అడిగిన ఒంటరి మనిషికి 4,000 డాలర్లు, కుటుంబానికి 8,000 గరిష్ఠం. దానికీ ఏళ్లు పట్టింది. డాలర్లు అనే మాట విన్న ఊరు మిగతా వివరాలు వినలేదు.

ఇప్పుడు చేతిలో ఫోన్ ఉంది, ముఖం చూసి మాట్లాడొచ్చు. అపార్థాలు మాత్రం వేరే దారి పట్టాయి. యూఏఈలో వాట్సాప్ కాల్స్ పనిచేయవు, మెసేజ్‌లు పనిచేస్తాయి. "ఆన్‌లైన్‌లోనే ఉన్నవు, ఫోనెందుకు ఎత్తలేదు?" అన్నదానికి అతని దగ్గర నిజమైన జవాబు ఉంది, నమ్మేవాళ్లు తక్కువ.

చివరి అపార్థం ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని, అంటే అక్కడి ఉద్యోగం పూర్తిగా ముగించుకుని వచ్చినప్పుడు. ఇరవై ఏళ్లు చేశాడు, కంపెనీ ఎన్ని లక్షలిచ్చిందో అని ఊరి అంచనా. సౌదీ కార్మిక చట్టం ప్రకారం లెక్క ఇది: మొదటి అయిదేళ్లకు ఏడాదికి సగం నెల జీతం, ఆపైన ఏడాదికి ఒక నెల జీతం, చివరి జీతం ఆధారంగా. చివరి జీతం 1,200 రియాళ్లయితే మొదటి అయిదేళ్లకు 3,000, మిగతా పదిహేనేళ్లకు 18,000, మొత్తం 21,000 రియాళ్లు. రియాల్ 17 రూపాయల దగ్గరున్నప్పుడు మూడున్నర లక్షల పైచిలుకు. మధ్యలో ఎగ్జిట్ మీద వచ్చి వేరే కంపెనీ వీసాతో మళ్లీ పోయి ఉంటే సర్వీసు మొదటికొచ్చినట్టే, అంత కూడా రాదు. అందుకే కొందరు ఆ లెక్క కాగితాన్ని అరబ్బీలో ఉన్నా సరే పెట్టె అడుగున పడేయకుండా, అంకెలు తెలుగులో రాయించి, పెద్దకొడుకు, అల్లుడు, వడ్డీ ఆసామి ముగ్గురూ ఉన్నప్పుడే తీసి చూపించేవాళ్లు.